కిటికీ వైపు తిరిగిన ముఖం

చిక్కడపల్లిలో నేను టిఫిన్ చేసే చోట కరివేపాకు తాలింపు వాసన వీధి మలుపు దాకా వస్తుంది. మొన్న పొద్దున నా ఎదుటి బల్ల మీద ఎవరో సగం తిని లేచిపోయిన ఉప్మా ప్లేటు ఉంది. ఒక పక్క శుభ్రంగా ఖాళీ, రెండో పక్క ముట్టనే లేదు. నా ఇడ్లీ పక్కకు నెట్టాను. విఠల్ సారు గుర్తొచ్చారు.

సారు నా పరిశోధనకు గైడు. మనిషి కన్ను ఎలా చూస్తుందో కంప్యూటరుకు నేర్పాలన్నది ఆయన పిచ్చి. మొదటి పాఠం క్లాసులో చెప్పలేదు. నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర ఎండలో నిలబెట్టి చెప్పారు. నలుగురు బడిపిల్లలు చేతులు పట్టుకుని రోడ్డు దాటుతున్నారు.

"వాళ్లు నలుగురా, ఒక గుంపా?"

"గుంపు, సార్."

"ఎవరు చెప్పిన్రు నీకు? దగ్గరదగ్గర ఉన్నరు, ఒక్క తీరు బట్టలు, ఒక్క దిక్కు పోతున్నరు. నీ కన్నే కలిపేసింది. మరి ఇప్పుడు పక్కకెళ్లి పోయిన బస్సు ఏ రంగు?"

బస్సు పోయిందనే నాకు తెలియదు.

"కండ్ల ముంగటికెళ్లే పోయింది. ధ్యాస లేకుంటే ఉన్నది గూడ లేనట్టేనమ్మా," అని నవ్వారు.

కలిపి చూడటం, ధ్యాస పెట్టడం. నాలుగేళ్లపాటు ఈ రెండింటి కోసమే మెదడును అనుకరించే కంప్యూటరు ప్రోగ్రామును, న్యూరల్ నెట్‌వర్క్‌ను, అల్లాం. తెర మీద దగ్గరగా ఉన్న చుక్కలను చూసే కణాలు అందులో ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. ధ్యాస పడనివి చల్లారిపోతాయి. మన మెదడులో కుడి సగమే ఎడమవైపును చూసుకుంటుంది కాబట్టి, ఒకసారి నేను మా నెట్‌వర్క్‌లో కుడి భాగం లంకెలు తెంపి చూశాను. గడియారం బొమ్మ చూపిస్తే అది ఎడమవైపు అంకెలన్నీ వదిలేసింది. సంబరపడిపోతూ సారుకు చూపించాను. ఆయన నవ్వలేదు. "ఇట్ల బతికే మనుషులుంటరమ్మా. జర మెల్లగ నవ్వు," అన్నారు.

తర్వాత నాకు పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చింది. "సగంల ఇడిసిపెట్టి పోతవా?" అని సారు అరిచారు. "మీ చుక్కల బొమ్మలతో ఎవరికి లాభం సార్?" అని నేనూ అరిచాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆరు నెలలకు సారు మెదడులో రక్తం గడ్డకట్టిందని తెలిసి అశోక్ నగర్‌లోని ఇంటికి వెళ్లాను. ఆయన భార్య, మా మేడమ్, తలుపు తీసి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లారు. కుర్చీ మంచానికి ఎడమపక్క ఉంది. కూర్చుని, "సార్, నేను," అన్నాను. ఆయన మెల్లగా ముఖం కుడివైపుకు, కిటికీ వైపుకు తిప్పారు. మళ్లీ పిలిచాను. ఇంకా అటే తిరిగారు. కోపం పోలేదనుకున్నాను. క్షమించమని అడుగుదామని దారంతా కూడబలుక్కున్న మాట చెప్పనేలేదు. టీ రాకముందే లేచి వచ్చేశాను. పౌరుషం కొద్దీ మళ్లీ వెళ్లలేదు. మూడు వారాలకు సారు పోయారు.

పదకొండో రోజున మేడమ్ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"మెదడుల కుడి సగం దెబ్బతిని, ఎడమ దిక్కు ఏమున్నా సారుకు తెల్వకపోతుండె బిడ్డా. ప్లేట్ల సగం తిని, ఉప్మా గింతేనా అని అడిగెటోళ్లు."

ఆ రోజు నేను కూర్చున్న కుర్చీ మంచానికి ఏ పక్క ఉందో గుర్తుచేసుకున్నాను.

"నువ్వొచ్చి పోయినవంటే నమ్మలే. 'ఆ పిల్ల గొంతు ఇనవడ్డది, కిటికీ దిక్కు మస్తు దేవులాడిన, ఎవ్వరు లేకుండె' అన్నరు. పోయేదాంక అటే చూసిన్రు."

ఆయన నా మీద అలిగి ముఖం తిప్పుకున్నారని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆయనేమో నన్ను వెతికారు. ఎడమవైపును మరిచిపోయే నెట్‌వర్క్‌ను నా చేతులతో నేనే చేశాను, చూసి నవ్వాను. అలాంటిది కుర్చీలోంచి లేచి మంచం అటుపక్కకు నాలుగడుగులు వేయాలని నాకు తోచలేదు.

తర్వాత థీసిస్ పూర్తిచేశాను. మొదటి పేజీలో సారు పేరు రాశాను. దాంతో ఏ బరువూ దిగలేదు. ఇప్పుడు ఎవరైనా నేను పిలిస్తే పలక్కుండా ముఖం తిప్పుకుంటే, లేచి వచ్చేయను. వాళ్లు ఎటు చూస్తున్నారో అటు వెళ్లి నిలబడతాను.