పండగనాటి పాట ధర

ఈ దీవిలో, గరాచర్మలో మాకు చిన్న కిరాణా కొట్టుంది. పగలంతా గల్లా దగ్గర నేనే కూర్చుంటాను. బేరమాడటంలో నన్ను మించినవాళ్లు లేరని నాకో గర్వం. చర్చిలో భక్తురాలిని, కొట్లో గట్టిపిండాన్ని. రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో ఆ ఏడు పండగదాకా నేను ఆలోచించలేదు.

ఊరి చివర నుంచి ఒకామె బస్సులో వచ్చి, ఇంట్లో తీసిన కొబ్బరినూనె మా కొట్టుకి ఇచ్చేది. మా శ్రీకాకుళం వైపు మనిషే కానీ మా చర్చి సంఘం మనిషి కాదు. ఇక్కడి అలవాటు కొద్దీ మాటల్లో హిందీ కలిపి నన్ను దీదీ అని పిలిచేది. కోతకాల పండగకి దేవుడికి అర్పించడానికి ఆమె దగ్గర ఒక సీసా కొన్నాను. దేవుడికిచ్చేదే అయినా పది రూపాయలు తగ్గించాకే డబ్బు చేతిలో పెట్టాను.

మా పండగలో ఒక పద్ధతి ఉంది. ఆరాధన అయ్యాక, అర్పించిన గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్లు అన్నీ వేలం వేస్తారు. వచ్చిన డబ్బు సంఘానికి వెళుతుంది. ఆ రోజు ఎవరూ ధర చూడరు, పంతమే చూస్తారు. నా నూనె సీసా మీద ఇద్దరు కాంట్రాక్టర్లు పోటీపడి కొట్టు ధరకి ఇరవై రెట్లు పాడారు. చప్పట్ల మధ్య గేటు వైపు చూస్తే ఆమె నిలబడి ఉంది. పండగ భోజనానికి నేనే రమ్మన్నాను.

"దీదీ, అది నా నూనేనా?"

"నీదే. చూశావా, మావాళ్లు మంచి సరుక్కి ఎలా ధర కడతారో!"

అది దేవుడి కోసం పాడిన వేలంపాట అనీ, ఆ డబ్బు ఎటు పోతుందనీ చెప్పలేదు. మావాళ్ల గొప్ప చెప్పుకోవడంలో మునిగిపోయాను.

నెల తిరక్కుండా ఆమె ఆటోలోంచి ఎనిమిది డబ్బాల నూనె మా కొట్టు ముందు దింపింది. ఏటా ఆమె తోటలోని కొబ్బరికాయలు కొనుక్కెళ్లే వ్యాపారిని ఈసారి వెనక్కి పంపేసిందట.

"కాయలు పూరా ఆడించీసాను దీదీ. మీ చర్చోళ్లు ఉన్నారు కదా!"

ఏడాదంతా ఆ ఇంటికి ఆ కాయలే ఆధారం. నిజం చెబితే మోసగత్తెను, దాస్తే ఇంకా పెద్ద మోసగత్తెను. చివరికి చెప్పేశాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు.

"వాపస్ ఏటి పట్టుకెల్తాను దీదీ? ఆ భయ్యాకి కాయలే కావాల. నూనె కొనడు" అంది.

ఆదివారం ఆరాధన కాగానే డబ్బాలు చర్చి మెట్ల దగ్గర పెట్టించి, సరైన ధరకి కొనమని అందరినీ అడిగాను. షిప్‌లో వచ్చే ప్యాకెట్ నూనే సస్తా కదా అక్కా, దీనికంత ఎందుకు అని ఒకావిడ దాటుకుపోయింది. పండగనాడు నా సీసా పాడుకున్న కాంట్రాక్టరు మాత్రం ఆగాడు.

"చర్చికి కానుకగా ఇచ్చీమను అక్కా, ఇప్పుడే పాడీస్తాను."

"అప్పుడు ఆవిడకేం మిగులుతాది అన్నా?" అని అరిచేశాను. ఒళ్లు మండిపోయింది. అంతలోనే సిగ్గేసింది. పది రూపాయలు తగ్గించింది నేనే కదా. ఆ మాట కూడా అందరి ముందే ఒప్పుకున్నాను.

తొమ్మిది ఇళ్లవాళ్లు నెలనెలా ఒక సీసా తీసుకుంటామని, బేరమాడమని మాటిచ్చారు. తొమ్మిది సీసాలతో ఎనిమిది డబ్బాలు ఎప్పటికి తరుగుతాయి? మిగతావన్నీ మా వంటింట్లోనే ఉన్నాయి. అటు వెళ్లినప్పుడల్లా కాళ్లకి తగులుతాయి. పక్కకి జరపడానికి చోటు లేదు.

మరుసటి నెల ఆమె సీసాలు నింపడానికి వచ్చింది. పూర్తి ధర చేతిలో పెట్టాను. ఆమె అందులోంచి పది రూపాయల నోటు తీసి నా గల్లా మీద పెట్టింది.

"ఇదేంటి?" అన్నాను.

"నానే తగ్గించీసాను దీదీ. ఎలాగూ మీరు అడుగుతారు కదా."