ఎనోస్ మామ గురిచెక్క

ఊదుగొట్టం చేతపడితే మా మేనమామ ఎనోస్ లోసాయాను మించినవాడు అమెరికాలోని మా చెరోకీ తెగవాళ్ల కొండల్లో లేడు. ఏటి వెదురును నిప్పుసెగకు కాచి, వంకరలు తీసి, మనిషికన్నా పొడుగు గొట్టం చేసేవాడు. సన్నటి పుల్లకు ముళ్లమొక్క దూది చుడితే ములుకు. సందర్శకుల కోసం కట్టిన మా పాతకాలపు పల్లెలో ఆ ములుకును ఉఫ్‌మని ఊది, అవతలి గురిచెక్కలో గుచ్చడం ఆయన పని. జనాన్ని వెంటేసుకొచ్చి చూపించడం నా పని. "మీరు డేరాల్లో ఉంటారా?" అని అడిగేవాళ్లకు జవాబు చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. మామ మాత్రం నవ్వి, "ఉంటాం బాబూ, టీవీ పట్టేంత డేరా" అనేవాడు.

రంపపు మిల్లులో ఏళ్లతరబడి పీల్చిన పొట్టు చివరికి ఆయన ఊపిరితిత్తులను తినేసింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న గొట్టమొకటి ఇచ్చి ఊదమంది. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గురి ఎక్కడ పెట్టావమ్మా?"

ఆమె పకపకా నవ్వింది. మామ ఊదితే గొట్టం మీది ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. ఆమె నవ్వు ఆగిపోయింది.

ఇక ఊదుగొట్టం మానెయ్యమన్నారు ఆసుపత్రివాళ్లు. వింటేగా! ఆయన భార్య లోరీన్ అత్త పక్క అరుగు మీదే బుట్టలల్లేది. ఆ వేసవిలో ఆమె రోజూ అందరికన్నా ముందొచ్చి, గురిచెక్కను కాస్త ఇవతలికి జరపడం మొదలుపెట్టింది. ఒకరోజు చూసి గయ్యిమన్నాను.

"ఏంటత్తా ఈ దొంగపని?"

"నోర్ముయ్. గురి తప్పిన రోజు ఆ మనిషి రొట్టె ముట్టడు. ఆయన ముందు నోరు జారావో, నా ఇంటి గడప తొక్కనివ్వను."

ఆకులు ఎర్రబడేసరికి చెక్క ఆయన ముక్కు ముందుకొచ్చేసింది. ములుకు తగులుతూనే ఉంది, జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు. మామ మాత్రం ఎవరి మొహమూ చూడటం మానేశాడు.

చలికాలానికి పల్లె మూసే రోజు జనం కిక్కిరిసి ఉన్నారు. మామ గొట్టం ఎత్తినట్టే ఎత్తి దించేశాడు.

"ఒరేయ్, ఆ చెక్కను దాని చోట పెట్టు."

"ఏ చోట మామా?"

"నాటకాలాడకు. ఇన్నేళ్లు కొట్టినవాడికి దూరం తెలీదనుకున్నారా, నువ్వూ మీ అత్తా?"

అత్త చేతిలో బుట్ట పక్కన పడేసింది. "ఎందుకయ్యా ఈ పంతం? అక్కణ్ణుంచి తగలదని నీకూ తెలుసు!"

"తగలదు. మా తాత ఈ గొట్టంతో ఉడతల్ని కొట్టి మమ్మల్ని సాకాడు. ముసలాడయ్యాడు పాపం అని ఏ ఉడతా దగ్గరికొచ్చి కూర్చోలేదు, లోరీన్."

చెక్కను తీసుకెళ్లి పాత గుంటలోనే పాతాను. మామ ఊదాడు. ములుకు సగం దూరం పోయి గడ్డిలో పడింది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన మాత్రం తలెత్తి, జనాన్ని నిండుగా చూశాడు.

"ఇంతేనండీ నా ఊపిరి" అన్నాడు.

మంచు కరగకముందే పోయాడు. వాడలోని మగవాళ్లమంతా కలిసి గొయ్యి తవ్వాం. వసంతంలో పల్లె తెరిచేసరికి గొట్టం నా చేతికొచ్చింది. మొదటి రోజు నా ములుకు చెక్క దరిదాపులకు పోలేదు. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయి, చెక్కను కాస్త ఇవతలికి జరుపుదామని కదిలాను.

అల్లుతున్న బుట్ట మీంచి తలెత్తకుండానే అత్త అరిచింది.

"దాని మీద చెయ్యి వేశావంటే విరగ్గొడతా. మళ్లీ ఊదు!"