లారీ మీద ఎగిరిన కాయ

పంతొమ్మిది వందల అరవైల్లో ఒక ఏప్రిల్‌లో నూజివీడులో మామిడికాయల లారీ ఎక్కాను. గడ్డి మీద నా పక్కన ఒక సైన్సు టీచరమ్మ, మర్నాటి పరీక్షకు వెళ్తున్న ఎనిమిదో తరగతి పిల్లలు కూర్చున్నారు. లారీ జోరందుకోగానే ఆవిడ ఒక కాయ తీసి, "నేరుగా పైకి ఎగరేస్తే ఎక్కడ పడుద్ది?" అని అడిగింది.

"లారీ ముందుకు పోద్ది కదండీ, కాయ రోడ్డు మీద పడుద్ది!" అన్నారు పిల్లలు.

మాతోపాటే పైన కూర్చున్న కాయల యజమాని కంగారుపడ్డాడు. "వద్దు టీచరుగారూ! నేల తాకిన కాయ దెబ్బతిని కుళ్ళుద్ది, మాగబెట్టే గడ్డిలో పెట్టమండీ."

మా అనంతపురంలో రాలిన కాయకే ఎగబడేవాళ్ళం.

టీచరమ్మ ఎగరేసింది. కాయ తిన్నగా వచ్చి ఆవిడ చేతిలోనే పడింది.

"లారీ వేగం మనకూ ఉంది, కాయకూ ఉంది. మనతోపాటే అదీ ముందుకొచ్చింది," అంది.

పిల్లల కేకలకు లారీ దద్దరిల్లింది. యజమాని వెతికి వెతికి, అన్నిటికన్నా పెద్ద కాయ ఆవిడ చేతికిచ్చి అన్నాడు:

"ఈసారి ఇంకా పైకి ఎగరెయ్యండి!"