వేలం పాడిన గొంతు

అనకాపల్లి స్టేషన్ వెయిటింగ్ హాల్లో నేను లాప్‌టాప్ తెరిచి కూర్చోవడం చూసి ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. యాభై దాటిన మనిషి. రుమాల్లో చుట్టిన పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టాడు.

"ఇందులో మా నాన్న గొంతుంది బాబూ. బెల్లం మార్కెట్లో వేలం పాడేవోడు. ఆయన పోయేక టీవీకి పెడితే ఏటీ రాట్లేదు. ఓపాలి సూత్తారా?"

నా లాప్‌టాప్‌లో ఉన్నది అందరూ వాడే విండోస్ కాదు, లైనక్స్. పెన్‌డ్రైవ్ పెట్టాను, తెర మీద ఏమీ రాలేదు. తీసి మళ్లీ పెట్టినా అంతే. అప్పటికే బండి ఆలస్యమై విసుగ్గా ఉన్నాను. "ఇది పోయిందండీ," అనేశాను.

ఆయన దాన్ని తీసుకుని కళ్లకద్దుకున్నాడు. "నాన్న అస్తికలు శారదా ఏట్లోనే కలిపేం. ఇదీ ఇప్పుడే అక్కడ కలిపేత్తాను. తెలిసినోరు మీరు సెప్పేరు కదా, ఇంక అనుమానం లేదు."

ఆయన వెళ్లాక నా పని కోసం నా సొంత పెన్‌డ్రైవ్ పెట్టాను. అదీ కనబడలేదు. అప్పుడు గుర్తొచ్చింది. డ్రైవ్ పెట్టగానే దానంతటదే తెర మీద తెరుచుకునే సెట్టింగును వైరస్ భయంతో నేనే ఆపేసి ఉంచాను. ఒక్క కమాండ్ కొడితే నాది తెరుచుకుంది. ఆయనదీ తెరుచుకునేదేమో.

స్టేషన్ బయటికి పరుగెత్తాను. ఆటోలున్నాయి, ఆయన లేడు.

బండి శారద వంతెన మీదికి వచ్చినప్పుడు, కిటికీ పక్కన కూర్చున్నావిడ నాకు కొంచెం చోటిచ్చింది. "ఏట్లో నీళ్లు బాగున్నాయి, సూడండి," అంది.

నేను తలెత్తలేదు.