కారుకు కొత్త కంప్యూటరు

భీమవరంలో మా అబ్బాయి తన పాత కారుకు టర్బో బిగించాడు. ఇంజన్లోకి గాలిని గట్టిగా తోసే సామాను అది. గాలి పెరిగితే పెట్రోలు కూడా దానికి తగ్గట్టు పెరగాలట, లేకపోతే ఇంజన్ పాడైపోతుందట. ఆ సంగతి చూసే కంప్యూటరు ఏది పెట్టాలన్నదే వాడి బెంగ. పాతదాన్ని ఉంచి పక్కన చిన్న డబ్బా తగిలిస్తే పని తేలిక. పాతది పీకేసి కొత్తది పెడితే దానికి అన్నీ మొదటి నుంచి నేర్పాలి.

ముందు డబ్బానే తగిలించాడు. ఒక్కడే ఒక చుట్టు తిరిగొచ్చి, బ్రహ్మాండంగా ఉందన్నాడు.

"ఖాళీ కారు ఎలాగైనా పరిగెడుతుందిరా. మరి మేత బస్తాలు మోసేదెవరు? మీ నాన్న పైనుంచి దిగొస్తాడా?" అన్నాను. మా రొయ్యల చెరువుకు మేత వెళ్ళేది ఆ కారులోనే.

వెనక బస్తాలు వేసి, ముందు నేను కూర్చున్నాను. కాలువ గట్టు ఎక్కుతుంటే ఇంజన్లో గులకరాళ్ళు పోసినట్టు చప్పుడైంది. వాడు ఠక్కున యాక్సిలరేటరు మీంచి కాలు తీసేశాడు.

"బరువు పడితే ఈ డబ్బాతో పెట్రోలు చాలట్లేదు, కొత్తదే పెడదామమ్మా. నేర్పేటప్పుడు నువ్వూ బస్తాలూ ఉండాలి."

"నన్నూ బస్తాల్లో కలిపేశావేంట్రా?"

కొత్తది బిగించాక, వాడి స్నేహితుడు ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని బస్తాల మధ్య ఇరుక్కున్నాడు. గట్టెక్కడం, దిగడం, వాడేదో మార్చడం, మళ్ళీ ఎక్కడం. పొద్దెక్కేసరికి కారు ఆ బరువుతోనే చప్పుడు లేకుండా గట్టెక్కింది. నా ముఖానికి చల్లటి గాలి కొట్టింది.

"అయిపోయిందండి పిన్నిగారూ, ఇక దిగండి" అన్నాడు ఆ అబ్బాయి.

"మీకయ్యింది, నాకవ్వలేదు. ఇంకోసారి గట్టెక్కించండ్రా" అన్నాను.