కౄ తర్వాత కె

అంకుల్ పోయాక ఆంటీ ఆయన్ని తిట్టడం మానేశారు. ఆ ఇంట్లో వెనక గది అద్దెకు తీసుకుని చదువుకుంటున్న నాకు మొదట తెలిసిన తేడా అదే. అంతకుముందు నాకు రోజూ మెలకువ వచ్చేది ఆ తిట్లతోనే. తడి తువ్వాలు మంచం మీద పడేశారని, గరాజ్ తలుపు తెరిచి వదిలేశారని, కాఫీ చల్లారిపోతున్నా ఆ కంప్యూటర్ ముందు నుంచి లేవరని. ఆయన "ఊఁ" అనేవారు. కాసేపటికి ఇద్దరూ కలిసి టిఫిన్ తినేవారు.

చర్చిలో ఆయన శవపెట్టె ముందు చాలామంది మాట్లాడారు. దీపస్తంభం అన్నారు, మహావృక్షం అన్నారు. నాకు తెలిసిన మనిషి దీపస్తంభం కాదు. కొంచెం వంగి నడిచేవారు. ఏదో ప్రభుత్వ ఆఫీసులో కాంట్రాక్టు మీద ప్రోగ్రాములు రాసేవారు. నాకు పుస్తకాలు ఇచ్చేవారు, చదివావా అని ఎప్పుడూ అడిగేవారు కాదు. ఆ రోజు నేను ఏమీ మాట్లాడలేదు. మాట్లాడమని ఎవరూ అడగలేదు కూడా.

ఆ తర్వాత పలకరించడానికి వచ్చినవాళ్ళ దగ్గర ఆంటీ కూడా ఆ భాషే అందుకున్నారు. "మహానుభావుడండీ. నన్ను ఒక్క మాట అనలేదు," అనేవారు. అది నిజమే. కానీ అలా విన్నప్పుడల్లా తడి తువ్వాలు పడేసిన మనిషి ఆ ఇంట్లోంచి ఇంకొంచెం దూరం వెళ్ళిపోయినట్టు ఉండేది.

తిట్టడం ఎందుకు మానేశారో ఒక మధ్యాహ్నం ఆమే చెప్పారు. వాళ్ళమ్మ వంటింట్లో జీలకర్ర పోసుకునే చిన్న స్టీలు డబ్బా ఒకటి ఉండేది. పక్కన చుక్కలు చుక్కలుగా వాళ్ళమ్మ పేరు చెక్కించి ఉండేది. అమ్మ పోయాక ఆంటీ బాపట్ల నుంచి తెచ్చుకున్నది అదొక్కటే. అది కనిపించకుండా పోయి చాలా కాలమైంది. నేను ఆ ఇంట్లో దిగిన కొత్తలో నా వంట సామాను వైపు ఆమె అనుమానంగా చూడటం నాకు గుర్తుంది. హాస్పిటల్లో, ఆపరేషన్‌కు ముందు, అంకుల్ నవ్వుతూ ఒప్పుకున్నారట. "నీ డబ్బా భద్రంగా చెట్టు మీద ఉంది. ఎక్కడుందో నా పేజీలో రాశాను. చేతనైతే పట్టుకో, లేకపోతే ఇంటికొచ్చాక నేనే తెచ్చిస్తా."

"నేనేమన్నానో తెలుసా అమ్మాయ్? నర్సు వినేలాగా కేకలేశాను. బుద్ధుందా అన్నాను. అదే ఆఖరు." ఆంటీ చేతిలో ఉన్న గుడ్డను మడతపెట్టారు, విప్పారు. "ఒక డబ్బా కోసం ఆ మాటన్నాను. కనీసం ఆ డబ్బా అన్నా నా చేతికి రావాలిగా."

అంకుల్‌కు జియోకాషింగ్ పిచ్చి. కొందరు ఊరి బయట చిన్న డబ్బాలు దాచి, అవి ఉన్న చోటి అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్లో పెడతారు. మిగతావాళ్ళు ఫోన్ పట్టుకుని వెతికి, లోపలి కాగితం మీద సంతకం చేసి, మళ్ళీ అక్కడే పెట్టేస్తారు. కొన్నిటికి అంకెలు నేరుగా ఇవ్వరు. చిక్కుముడి విప్పితేనే అంకెలు వస్తాయి. ఆంటీ డబ్బా అలాంటిదే. దాన్ని అప్పటికి ఎవరూ కనిపెట్టలేదు.

ఆ పేజీ తెరిచి చూశాను. దక్షిణం ముప్పై అయిదు డిగ్రీలు, తూర్పు నూట నలభై తొమ్మిది డిగ్రీలు, నిమిషాలు కూడా ఇచ్చి, ఆ తర్వాతి మూడేసి అంకెలు ఖాళీ వదిలారు. అంటే మేముండే గంగాలిన్ చుట్టుపక్కలే ఎక్కడో. దాని కింద ఇంగ్లీషులో, ఆరు మాటలు ఆరు అంకెలు, ఏమీ లేని చోట మొదలుపెట్టండి అని ఉంది. దాని కింద తెలుగులో ఒకే ఒక్క వాక్యం.

కేకలు పెట్టకు, కాకి గూడు నీ నెత్తిమీదే.

నాకంటే ముందు ప్రయత్నించినవాళ్ళు కంప్యూటర్ చేత అనువాదం చేయించుకున్నారు. అది 'కేకలు'ను కేకులు అనుకుంది. కేకులు అమ్మే షాపుల చుట్టూ తిరిగి విసిగిపోయామని ఇద్దరు ముగ్గురు పేజీలో రాశారు. అంకుల్ ప్రతి ఒక్కరికీ నవ్వుతున్న బొమ్మ ఒకటి జవాబుగా పెట్టారు.

తొందర ఎందుకంటే, మా ఇంటికి దగ్గర్లోని చెరువు దాటాక ఉన్న ఖాళీ మైదానంలో కొత్త ఇళ్ళకు స్థలాలు కొలుస్తున్నారు. ట్రామ్ పట్టాలు అప్పుడే వేస్తున్నారు, ఊరు అటువైపు పెరుగుతోంది. కొట్టేయాల్సిన చెట్లకు గులాబీ రంగు టేపు చుట్టేసి వెళ్ళారు. ఆంటీ రోజూ బస్సులోంచి ఆ టేపులు చూస్తూ వచ్చేవారు.

నాతో చదివే కడప అబ్బాయి ఒకడికి కారుండేది, ఖాళీ కూడా ఉండేది. వాడికి ఆ వాక్యం చూపించాను.

"గుణింతం ఏమో సూడు మేడం," అన్నాడు. నన్ను మేడం అని పిలవడం వాడి వేళాకోళం. "అంకుల్ ప్రోగ్రామర్ కదా. ఏమీ లేని చోటంటే సున్నా. వాళ్ళు సున్నా నుంచే లెక్కపెడతారు. క సున్నా, కా ఒకటి, కి రెండు."

బాగానే ఉందనిపించింది. ఒక్కో మాటలో మొదటి అక్షరానికి ఏ గుర్తు ఉందో చూసి వరసలో లెక్కపెట్టాం. క, కా, కి, కీ, కు, కూ, కృ, కె, కే. కేకలు ఎనిమిది, పెట్టకు ఏడు, కాకి ఒకటి. అంకెలు ఫోన్లో వేసుకుని ఒక శనివారం పొద్దున ఇద్దరం వెళ్ళాం. నడిచి నడిచి చెరువు గట్టు దగ్గర ఆగిపోయాం. ఫోన్‌లోని బాణం ఇంకా ముందుకే చూపిస్తోంది. ముందు నీళ్ళు, నీళ్ళలో రెండు నల్ల హంసలు.

"ఏంది మేడం, నీ లెక్క నీళ్ళల్లోకి పోతాంది."

"నా లెక్కనా? గుణింతం అన్నది నువ్వే."

"నేనన్నా సరే, లెక్కపెట్టింది నువ్వు. దూకు మరి. నీ షూస్ నేను పట్టుకుంటా."

నేను నవ్వలేకపోయాను. ఈ దారి తప్పయితే ఇంకో దారి నాకు తోచడం లేదు. అంకుల్‌ను అడిగే వీలు లేదు. దొరకలేదని ఆంటీకి చెప్పాల్సి వస్తుందేమోనన్న భయం ఒక్కటే మిగిలింది. చెబితే ఆమె "పోనీలే" అంటారు. ఆ "పోనీలే" వినడం నాకు ఇష్టం లేదు.

ఇంటికొచ్చి వంటింటి బల్ల దగ్గర మళ్ళీ మొదలుపెట్టాం. ఆంటీ మాకు పెసరట్లు వేస్తున్నారు. ఒకటి నుంచి లెక్కపెట్టి చూశాం. వెనక నుంచి చూశాం. ప్రతిసారీ గుణింతం పైకి చదువుతున్నాం. నాలుగోసారో అయిదోసారో ఆంటీ అట్లకాడ పట్టుకునే ఇటు తిరిగారు.

"కౄ ఏదమ్మా?"

"ఏంది ఆంటీ?"

"కృ అన్నావు, కె అన్నావు. మధ్యలో కౄ ఏమైంది? వట్రసుడి దీర్ఘమిస్తే కౄ. మీ బళ్ళో చెప్పలేదా?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా పుస్తకాల్లో అది ఉందో, ఉన్నా దాటేశామో గుర్తు లేదు. మేం చదివింది ఇంగ్లీషు మీడియం. తెలుగు మార్కుల కోసం చదివాం.

"క్రూ లెక్కన పలికేదే కదా ఆంటీ అది? కౄతో మాట ఏదన్నా ఉందా అసలు?" అన్నాడు వాడు.

"క్రూరంగా చూడకు, నాకేం తెలుసు? మాట ఉన్నా లేకపోయినా వరసలో దాని చోటు దానిదేగా. వాడట్లేదని మధ్యలోంచి తీసేస్తారా?"

పెసరట్టు మాడుతోందని మళ్ళీ అటు తిరిగిపోయారు. నేను కాగితం మీద మొదటి నుంచి రాశాను. కౄ ఉంటే క నుంచి కే వరకు సరిగ్గా పది. సున్నా నుంచి తొమ్మిది. ఆయన వాక్యంలో కే దాటిన గుర్తు ఒక్కటీ లేదు. కొ లేదు, కో లేదు, కై లేదు. అంత సాదా వాక్యంలో అవి లేకుండా రాయడానికి ఆయన ఎంతసేపు కూర్చున్నారో. బహుశా ఆ కాఫీలు చల్లారిపోయింది అప్పుడే.

కేకలు తొమ్మిది, పెట్టకు ఎనిమిది, కాకి ఒకటి. గూడు అయిదు, నీ మూడు, నెత్తిమీదే ఎనిమిది. మ్యాప్‌లో చుక్క నీళ్ళలోంచి బయటికొచ్చి, చెరువుకు దక్షిణంగా నాలుగైదు చెట్లున్న చోట ఆగింది. టేపులు కట్టిన వైపే.

ఈసారి ఆంటీ కూడా వచ్చారు. అది సెప్టెంబరు. ఇక్కడ వసంతం అంటే నలుపు తెలుపు పక్షులైన మ్యాగ్‌పైలు గూళ్ళు పెట్టి, కింద నడిచే వాళ్ళ నెత్తి మీదికి దూసుకొచ్చే కాలం. ఆంటీ వాటిని కాకులనే అంటారు. ఎండ లేకపోయినా గొడుగు తెచ్చుకున్నారు. మా కడపవాడు సైకిల్ హెల్మెట్ పెట్టుకున్నాడు. బాణం ఒక పాత యూకలిప్టస్ చెట్టు దగ్గర ఆగింది. మానుకు గులాబీ టేపు ఉంది. చెట్టు ఉంది, అంతవరకు చాలు అనిపించింది.

తలెత్తేసరికి రెక్కల చప్పుడు వచ్చింది. ఆంటీ గొడుగు వదిలేసి గట్టిగా అరిచారు. అరిచి, చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఇదే అనేవారు," అన్నారు. "వాకింగ్‌కి వస్తే నేను అరుస్తానని. కేకలు పెట్టకు, కాకి నిన్ను గుర్తుపెట్టుకుంటుంది అనేవారు."

నేను గొడుగు తీసి ఆమె మీద పట్టుకున్నాను.

డబ్బాను ముందు చూసింది నేనే. పక్షి గూడు పై కొమ్మల్లో ఉంది. దానికి చాలా కింద, రెండు కొమ్మలు విడిపోయే చోట, నల్ల టేపు చుట్టిన గుండ్రటిదేదో తీగకు వేలాడుతోంది. రెండు నిలువుల ఎత్తుంటుంది. మావాడు ఎక్కబోయాడు. ఆ చెట్టు మాను నున్నగా ఉంది, పట్టు దొరకలేదు. రెండుసార్లు జారి మోచెయ్యి గీరుకుపోయింది.

"అంకుల్ ఎట్లెక్కినాడు ఆంటీ దీన్ని? ఆ వయసులో చెట్లెక్కేవాడా?"

"స్టూలెక్కాలన్నా నన్ను పట్టుకోమనేవారు. ఆయన ఎక్కడమేంటి?" ఆంటీ ఆ తీగ వైపు కళ్ళు చిట్లించి చూశారు. "అమ్మాయ్, గరాజ్‌లో మన బూజుకర్ర ఉంది చూడు. లాగితే పొడుగయ్యేది. దాని చివర ఒక కొక్కెం ఉంటుంది. బూజుకి కొక్కెం ఎందుకండీ అంటే ఊఁ అన్నారు."

మావాడు వెళ్ళి కారులో ఆ కర్ర తెచ్చాడు. ఆంటీ మొన్నటిదాకా హాల్లో బూజులు దులిపిన కర్ర అది, చివర ఇంకా సాలెగూడు పోగు ఒకటి ఉంది. పూర్తిగా లాగి పైకెత్తితే కొక్కెం సరిగ్గా ఆ తీగ ఎత్తుకు వచ్చింది. మొదటిసారి తప్పింది. పక్షి ఇంకోసారి దూసుకొచ్చి హెల్మెట్‌ను టక్కున కొట్టింది. "సంపుతాదిరా నాయనా," అంటూనే వాడు కర్ర వదల్లేదు. రెండోసారి తీగ తగులుకుంది. డబ్బా ఊగుతూ కిందికి దిగింది. నేను రెండు చేతులతో పట్టుకుని ఆంటీకి ఇచ్చాను.

ఆమె గోళ్ళతో నల్ల టేపు ఒలిచారు. స్టీలు బయటపడింది, దాని మీద చుక్కల పేరు. ఒక్క చుక్క కూడా చెరగలేదు. బొటనవేలితో ఆ పేరును ఒకసారి తడిమారు. మావాడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేనూ నేల వైపు చూశాను.

మూత తీయడానికి బలం పట్టింది. లోపల నీటి చుక్క లేదు. చుట్ట చుట్టిన ఖాళీ కాగితం, పొట్టి పెన్సిలు, ఒక ప్లాస్టిక్ కంగారూ.

"మనమే ఫస్ట్ ఆంటీ. మీరు సంతకం పెట్టాల," అన్నాడు మావాడు.

"నా డబ్బా నేను తీసుకోడానికి నేను సంతకం పెట్టాలా?"

అప్పుడే ఆమె మూతను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. నడిమధ్యలో చిల్లు ఉంది. తీగ దూర్చడానికి డ్రిల్‌తో వేసి, చుట్టూ జిగురుతో నీళ్ళు దిగకుండా మూసిన చిల్లు. పని శుభ్రంగానే చేశారు.

"చిల్లు పెట్టారు," అన్నారు ఆంటీ. నమ్మలేనట్టు మా ఇద్దరి వైపూ చూశారు. "మా అమ్మ డబ్బా మూతకి చిల్లు పెట్టారమ్మా, ఈ మహానుభావుడు! ఇంట్లో అన్ని ప్లాస్టిక్ డబ్బాలుంటే, అడిగితే నేను ఇవ్వనా? పురుగు పట్టదూ ఇప్పుడు జీలకర్రకి? అసలు మీకు బుద్ధుందా అండీ?"

ఆ చివరి మాట మాలో ఎవరినీ అడగలేదు. అడిగాక ఒక్క క్షణం ఆగారు. తన నోట ఏం వచ్చిందో తనకే వినబడినట్టుంది. ఆంటీ ముక్కు ఎగబీల్చి, మూత డబ్బాకు గట్టిగా బిగించి, మళ్ళీ మొదలుపెట్టారు. ఆ డ్రిల్ మిషన్ కొన్నరోజే అనుకున్నానని, ఏది పట్టుకొస్తే దానికల్లా చిల్లు పెడతారని, గోడలన్నీ జల్లెడ చేశారని.

కారు దాకా తిడుతూనే ఉన్నారు. నేను బూజుకర్ర కుదించి భుజాన వేసుకుని వెనకాలే నడిచాను. ఆయన పోయిన తర్వాత నాకు ఏడుపు రాలేదు. అప్పుడు కొంచెం వచ్చింది. తేలిగ్గా, ఎవరికీ కనబడనంత వచ్చి ఆగిపోయింది. ముందు సీట్లోంచి ఆంటీ గొంతు వినిపిస్తూనే ఉంది.

"అమ్మాయ్, ఇంటికెళ్ళాక ఆ గరాజ్ తలుపు వేసిందో లేదో చూడు. తీసి వదిలేయడం ఈ ఇంట్లో అందరికీ అలవాటైపోయింది."