బాజా దించి స్ట్రెచర్ ఎత్తినవాళ్లు

మా మామయ్యగారు సైన్యంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశారు. ఆ కాలమంతా ఆయన వాయించింది బ్యాగ్‌పైప్, సంకలో తిత్తి పెట్టుకుని ఊదే వాద్యం. పెళ్లికి ముందు ఈ సంగతి ఇంట్లో చెబితే మా చిన్నాన్న, "అయితే యుద్ధానికి పోలేదు, ఊరేగింపుకి పోయాడన్నమాట" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఒక పదాతి బెటాలియన్ బ్యాండులో హవల్దారుగా రిటైరై, కొంతకాలం బ్యాంకు గుమ్మం దగ్గర సెక్యూరిటీగా నిలబడి, అత్తయ్యగారు పోయాక ఒంగోలు నుంచి మా దగ్గరికి వచ్చేశారు. హఫీజ్‌పేట్‌లో ఏడో అంతస్తు మాది.

మా బాబుకు రెండేళ్లు నిండిన కొత్తలో జ్వరంతో ఫిట్స్ వచ్చింది. నేను చూస్తుండగానే కళ్లు పైకి పోయాయి, ఒళ్లు బిగుసుకుపోయింది. అరవడం తప్ప నేనేమీ చేయలేకపోయాను. చిన్నపిల్లల్లో కొందరికి జ్వరం వస్తే ఇలా అవుతుందనీ, పెద్దయ్యేకొద్దీ చాలామందికి అదే పోతుందనీ డాక్టరు చెప్పారు. మళ్లీ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఐదు నిమిషాల్లో ఆగకపోతే ఆస్పత్రికి తేవాలి. అన్నీ అర్థమయ్యాయి. భయం మాత్రం పోలేదు. నిద్రలో వాడు కాస్త కదిలినా లేచి నుదురు తడిమి చూసేదాన్ని. వాడి నుదురు చల్లగా ఉంటే నా చెయ్యే వేడిగా ఉందేమోనని అనుమానం.

అప్పటిదాకా ఇంటి నుంచే పని. ఈ ఏడాది మా కంపెనీ అందరినీ గచ్చిబౌలి ఆఫీసుకు రమ్మంది. ఫిట్స్ మాట వినగానే డేకేర్ వాళ్లు వెనక్కి తగ్గారు. ఇక మిగిలినవి రెండే దారులు. ఉద్యోగం మానడం, లేదా బాబును మామయ్యగారి దగ్గర వదిలి వెళ్లడం. "నాన్న ఉన్నాడుగా" అని మా ఆయన తేలిగ్గా అనేశారు. పెళ్లిళ్లలో విన్న బ్యాండు తప్ప ఇంకేమీ తెలియని నాకు, ఆ మనిషి చేతిలో బిడ్డను పెట్టి వెళ్లే ధైర్యం రాలేదు. ఆ మాట ఎవరితోనూ అనలేను కూడా.

సాయంత్రాలు బాబును ఆడించడానికి కిందికి తీసుకెళ్తే, మామయ్యగారు మరో రిటైర్డ్ సైనికుడితో బెంచీ మీద కూర్చుని ఉండేవారు. ఆయన మా బ్లాకులోనే మూడో అంతస్తు. పుట్టింది కొండాపూర్ పక్క పల్లెలో. ఆ పల్లె ఇప్పుడు అద్దాల భవనాల మధ్య ఒక బస్టాపు పేరుగా మిగిలింది. ట్యాంకుల రెజిమెంటులో దఫేదారుగా, అంటే హవల్దారుకు సమానమైన హోదాలో చేశారు. వాళ్ల కబుర్లన్నీ యూనిట్ల పుట్టుపూర్వోత్తరాల మీదే సాగేవి.

దఫేదారుగారి రెజిమెంటు గుర్రాలతో పుట్టిందట. తర్వాత గుర్రాలు పోయి ఇనుప తొడుగు కార్లు వచ్చాయి, ఆ తర్వాత ట్యాంకులు. గుర్రాన్ని ఎన్నడూ ముట్టని జవాను పేరు ముందు కూడా నేటికీ సవార్, అంటే రౌతు, అనే రాస్తారు. కొండల్లో కంచరగాడిదల మీద ఫిరంగుల్ని విడగొట్టి మోసిన దళాలు తర్వాత లారీలకు మారాయి. లారీ వెళ్లలేని చోటికి కంచరగాడిదలు ఇంకా వెళ్తూనే ఉన్నాయి. మా ఆఫీసులో ఏడాదికోసారి టీముల పేర్లు మారుస్తారు కాబట్టి ఈ కబుర్లు నాకు తెలిసినవాటిలాగే అనిపించి, ఒక చెవి అటు వేసేదాన్ని.

ఒకరోజు దఫేదారుగారు మామయ్యగారిని ఆటపట్టిస్తున్నారు.

"మేం గుర్రం దిగి ట్యాంకెక్కినం. మీరేమో బాజా దించి స్ట్రెచర్ ఎత్తిండ్రు. గదేం ప్రమోషన్, హవల్దార్ సాబ్?"

"ఆ స్ట్రెచర్ మీద నువ్వుంటే ఆ మాట అనేవాడివి కాదులే" అన్నారు మామయ్యగారు.

స్ట్రెచర్ ఏమిటని అడిగాను. ఆయన చెప్పింది ఇది. వెనకటి రోజుల్లో లేవమన్నా, నడవమన్నా, వెనక్కి రమ్మన్నా డప్పూ బాకాలే చెప్పేవి. ఫిరంగుల మోత పెరిగాక ఆ పిలుపు ఎవరికీ వినపడలేదు. వైర్‌లెస్ వచ్చాక అవసరమూ లేకపోయింది. బ్యాండు పరేడ్లకు మిగిలింది. యుద్ధం వస్తే మాత్రం వాద్యాలు పెట్టెల్లో పెట్టి తాళం వేస్తారు, బ్యాండు వాళ్లు స్ట్రెచర్లు పట్టుకుంటారు. దెబ్బతిన్నవాళ్లను కిందికి మోసుకు రావడం వాళ్ల పని. అందుకే మొదటి ఏడాదే వాళ్లకు కట్లు కట్టడం, రక్తం ఆపడం నేర్పుతారు.

"మీరు మోశారా?"

"ఒక చలికాలం మోశాను, కొండల్లో."

"భయం వేయలేదా మామయ్యా?"

ఆయన బాబు వైపు చూశారు. వాడు జారుడుబల్ల కింద మట్టి తవ్వుతున్నాడు.

"వెయ్యకేం అమ్మాయ్. ఇప్పుడూ వేస్తుంది. వాడికి ఒళ్లు వెచ్చబడిన రాత్రి నేనూ పడుకోను. నువ్వు లేచి తిరుగుతుంటావు కాబట్టి నేను బయటికి రాను, అంతే."

ఇన్నాళ్లూ ఇంట్లో మేలుకుని ఉండేది నేనొక్కదాన్నే అనుకున్నాను.

"సైన్యంలో భయపడేవాళ్లకి ఒకటే చెప్పేవాళ్లు, అవసరం రాకముందే ఒకసారి చేసి చూసుకోమని" అన్నారాయన.

ఆ ఆదివారం చేసి చూసుకున్నారు. మా లిఫ్టు తరచుగా ఆగిపోతుంది. అప్పుడు బాబును ఎలా దించాలన్నది సమస్య. పది కిలోల సన్నబియ్యం సంచిని దుప్పట్లో పడుకోబెట్టి, ఒక కొస మామయ్యగారు, ఒక కొస దఫేదారుగారు పట్టుకున్నారు.

"గింత పోరడికి ఇద్దరెందుకు? సంకనేసుకొని ఉరకొచ్చు గద" అన్నారు దఫేదారుగారు.

తన మోకాలు మంచిది కాదనీ, బిడ్డను ఎత్తుకుంటే కాలి కింద మెట్టు కనపడదనీ, పైగా వాణ్ణి పక్కకు తిప్పి ఉంచాలనీ మామయ్యగారి వాదన. ఇద్దరూ బయలుదేరారు. బయలుదేరడమే కవాతులా బయలుదేరారు. ఇద్దరి ఎడమకాళ్లూ ఒకేసారి, ఇద్దరి కుడికాళ్లూ ఒకేసారి. సంచి ఉయ్యాలలా ఊగి గోడకు ఒకసారి, మెట్ల కమ్మీకి ఒకసారి కొట్టుకుంది. నేను సంచికి చెయ్యి అడ్డుపెట్టబోయాను. అది బియ్యమే అయినా సరే.

"స్టెప్పు విడగొట్టవయ్యా!" అని మామయ్యగారు కసిరారు.

"నువ్వే ఇడగొట్టు. నాకు అలవాటైపాయె."

బ్యాండు వాళ్లందరూ మొట్టమొదట చేసే తప్పు అదేనట. కాళ్లు కలిపి నడవడమే ఏళ్ల తరబడి నేర్పి, స్ట్రెచర్ ఇచ్చిన రోజు కలపొద్దంటారు. కలిస్తే మీదున్న మనిషి ఊగిపోతాడు. ఒకరు ఎడమకాలితో, మరొకరు కుడికాలితో మొదలుపెట్టాలి. మళ్లీ మొదలుపెట్టారు, ఒక మలుపు దాకా బాగానే దిగారు, తర్వాత తెలియకుండానే నాలుగు కాళ్లూ కలిసిపోయాయి. ఐదో అంతస్తు ఆవిడ తలుపు తీసి, "బియ్యం అమ్ముతున్నారా అంకుల్?" అని అడిగింది. ముసలాళ్లిద్దరూ మెట్ల మీదే కూలబడి నవ్వారు.

మామయ్యగారు మోకాలు పట్టుకుని, ఇది పనికిరాదని తేల్చేశారు. ఫిట్స్ వస్తే బాబును నేల మీదే పక్కకు తిప్పి ఉంచాలి, గడియారం చూడాలి, ముందే అంబులెన్సుకు ఫోన్ చేయాలి. లిఫ్టు నడుస్తుంటే దఫేదారుగారు వచ్చి దాన్ని మా అంతస్తులో ఆపి పట్టుకోవాలి, లేకపోతే అంబులెన్సు వాళ్లనే స్ట్రెచర్‌తో పైకి రమ్మనాలి. ఇదే కొత్త ఏర్పాటు. తను వేసిన పథకాన్ని అంత త్వరగా పక్కన పెట్టడం నాకు నచ్చింది. మర్నాడు ఆఫీసుకు వస్తున్నానని మేనేజరుకు రాశాను.

కొన్ని వారాలు ఏమీ కాలేదు. ఒక మధ్యాహ్నం మీటింగులో ఉండగా మామయ్యగారి ఫోన్ వచ్చింది.

"బాబుకి వేడిగా ఉందమ్మా. మందు వేశాను, తడిగుడ్డ పెడుతున్నాను. ఫిట్స్ ఏం లేదు. నాకే భయంగా ఉంది, రాగలిగితే రా."

ఎవరికీ చెప్పకుండా లేచాను. బైక్ ట్యాక్సీ మీద కొత్తగూడ కూడలి దాటేటప్పుడు నేను మొక్కని దేవుడు లేడు. కింద లిఫ్టు రాలేదు. మెట్లెక్కి వెళితే, ఏడో అంతస్తులో లిఫ్టు తలుపుల మధ్య కుర్చీ వేసుకుని దఫేదారుగారు కూర్చుని ఉన్నారు. లోపల బాబు నేల మీద పరుపుపై, పక్కకు తిరిగి నిద్రపోతున్నాడు. ఒళ్లు చెమటలు పట్టి జ్వరం దిగుతోంది. మామయ్యగారు పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఆయన చేతిలో గుడ్డ పిండి సరిగ్గా మడిచి ఉంది.

"ఇగ నేను పోనా బిడ్డా?" అన్నారు దఫేదారుగారు గుమ్మంలోంచి. "లిఫ్టు ఆపినందుకు కిందోళ్లందరూ తిట్టిపోస్తుండ్రు."

మర్నాడు సెలవు పెట్టాను. ఆ తర్వాతి రోజుకు జ్వరం లేదు, వెళ్లాను. మధ్యాహ్నం దాకా ఫోన్ రాలేదు. భయం వేస్తే ఆయన చేస్తారు, చేయలేదంటే బాగానే ఉన్నాడని నాకు నేను చెప్పుకున్నాను. సాయంత్రం నాలుగింటికి మాత్రం ఉండబట్టక నేనే చేశాను.

"ఏమ్మా, ఈసారి భయం నీకేసిందా?" అన్నారు మామయ్యగారు.

అవునన్నాను. ఆయన ఫోన్ బాబు చేతికిచ్చారు. వాడి ఊపిరి నెమ్మదిగా, మామూలుగా వినిపించింది; అది వింటూ నేను ఫోన్ పెట్టలేదు.